ముగియని చిట్టా: లాభసాటి సరుకుల కూటములను వెతికిన చరిత్ర

పాత పద్ధతిలో లెక్కలు రాసే కొట్లలో రెండు రకాల పుస్తకాలుండేవి. ఏ రోజు జరిగిన లావాదేవీలను ఆ రోజు, జరిగిన వరుసలోనే రాసుకునేది చిట్టా. ఆ చిట్టాలోని పద్దులను విడదీసి, ఏ ఖాతావి ఆ ఖాతా కింద చేర్చి రాసేది ఆవర్జా. చిట్టా రోజూ పెరుగుతుంది. ఆవర్జా దానికి తగినట్టు మారుతూ ఉండాలి. పని తెలిసిన గుమాస్తా ప్రతి సాయంత్రం ఆనాటి పద్దులను మాత్రమే ఆవర్జాకెక్కిస్తాడు. అందుకోసం ఉగాది నాటి పద్దు నుంచి మళ్ళీ చదవడు.

కంప్యూటర్ శాస్త్రంలో డేటా మైనింగ్ అనే శాఖ గత మూడు దశాబ్దాలుగా చేస్తున్న పనుల్లో ఒకటి అచ్చంగా ఈ గుమాస్తా పనే. తేడా ఒక్కటే: ఈ ఆవర్జాలో ఖాతాలు విడివిడి సరుకులకు కాదు, సరుకుల కూటములకు. ఏయే సరుకులు కలిసి అమ్ముడైనప్పుడు కొట్టుకు చెప్పుకోదగిన లాభం వస్తోంది? రేపు కొత్త రసీదులు చేరినప్పుడు ఆ జవాబును మొత్తం లెక్క తిరగదోడకుండా ఎలా సవరించాలి? చూడటానికి ఇవి రెండు చిన్న ప్రశ్నలు. వీటి చరిత్రను వరుసగా పరిశీలిస్తే, రెండవ ప్రశ్నకు ఎంతో చక్కని జవాబులు దొరికాయని, మొదటి ప్రశ్నలోని ‘లాభం’ అనే మాటను మాత్రం చాలాకాలం ఎవరూ గట్టిగా ప్రశ్నించలేదని తెలుస్తుంది. ఈ వ్యాసం ఆ రెండింటి గురించి.

గీతల నుంచి బుట్టల దాకా

1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ట్రాయ్ అనే పట్టణంలోని మార్ష్ సూపర్‌మార్కెట్‌లో ఒక చూయింగ్ గమ్ పెట్టె మీది నల్లగీతలను యంత్రం మొదటిసారిగా చదివింది. దాని వెల 67 సెంట్లు. బార్‌కోడ్ రాకముందు కొట్టుకు సాయంత్రానికి మిగిలేది మొత్తం నగదు లెక్క. వచ్చిన తరువాత ప్రతి కొనుగోలుదారు బుట్టలో ఏయే సరుకులు పక్కపక్కన ఉన్నాయో కూడా మిగలసాగింది. ఎవరూ అడగకుండానే ఒక మహాచిట్టా తయారవడం మొదలైంది.

దాన్ని చదవడానికి కావలసిన ఆలోచన అంతకు ముందే ఒకచోట మొలకెత్తింది. 1966లో చెకోస్లవేకియాకు చెందిన హాయెక్, హవెల్, ఖితిల్ అనే పరిశోధకులు, దత్తాంశాల్లోంచి పరికల్పనలను యంత్రమే వెలికితీసే పద్ధతినొకదాన్ని ‘గుహ’ అన్న పేరుతో ప్రతిపాదించారు. అయితే దుకాణాల రసీదులతో దానికి సంబంధం కలవలేదు.

1992లో టెరాడేటా సంస్థకు చెందిన థామస్ బ్లిషాక్ బృందం ఆస్కో డ్రగ్ అనే దుకాణాల సంస్థకు చెందిన సుమారు 25 కొట్లలోని 12 లక్షల బుట్టలను విశ్లేషించింది. సాయంత్రం 5, 7 గంటల మధ్య బీరు, పసిపిల్లల డయపర్లు కలిసి అమ్ముడవుతున్నాయని తేలింది. ఈ రంగంలో పనిచేసేవారందరూ ఎప్పుడో ఒకప్పుడు విన్న కథే ఇది. కథ చెప్పేవారు సాధారణంగా విడిచిపెట్టే భాగం మరొకటుంది: ఆ ఫలితాన్ని చూసి ఆ సంస్థ తన అరల అమరిక మార్చలేదు. కలిసి అమ్ముడవుతున్నాయని తెలియడం వేరు, తెలిసినందువల్ల ఏం చెయ్యాలో తెలియడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే తరువాతి చరిత్రను నడిపించింది.

లెక్కపెట్టడం

1993లో ఐబీఎం వారి ఆల్మడెన్ పరిశోధన కేంద్రం నుంచి రాకేశ్ అగ్రవాల్, టొమాష్ ఇమీలిన్‌స్కీ, అరుణ్ స్వామి ఒక పత్రం ప్రకటించారు. ఒక పెద్ద దుకాణాల సంస్థకు చెందిన 46,873 కొనుగోళ్ళను, 63 విభాగాలను తీసుకుని, ‘ఇది కొన్నవారు అది కూడా కొంటారు’ అనే తరహా సూత్రాలను ఎలా వెలికితీయవచ్చో వారు చూపించారు. రూర్కీలో చదువుకున్న అగ్రవాల్ మరుసటి సంవత్సరం రామకృష్ణన్ శ్రీకాంత్‌తో కలిసి, చిలీ రాజధాని శాంటియాగోలో జరిగిన సదస్సులో ‘ఎప్రయోరి’ అల్గారిదమ్‌ను ప్రవేశపెట్టారు. దాదాపు అదే సమయంలో ఫిన్లండ్‌లో మన్నిల, తోయివోనెన్, వెర్కమో విడిగా అదే ఆలోచనకు చేరుకున్నారు.

అసలు చిక్కు ఎక్కడుందో ఒక లెక్కతో తెలుస్తుంది. కొట్టులో 100 రకాల సరుకులుంటే, వాటిలోంచి రెండేసి తీసుకుంటే 4,950 జంటలు. మూడేసి తీసుకుంటే 1,61,700 కూటములు. అన్ని పరిమాణాల కూటములనూ లెక్కిస్తే వచ్చేది 31 అంకెల సంఖ్య. ప్రతిదాన్నీ చిట్టాతో సరిచూడటం ఏ యంత్రానికీ సాధ్యం కాదు.

ఎప్రయోరి దీనికి చెప్పిన ఉపాయం సరళమైనది. బియ్యం, పప్పు, నెయ్యి మూడూ కలిసి ఉన్న రసీదులన్నింటిలోనూ బియ్యం, పప్పు కలిసి ఉండి తీరాలి. కాబట్టి ఆ జంటే అరుదుగా కనిపిస్తుంటే, దానికి మరొక సరుకు చేర్చిన కూటమి అంతకంటే తరచుగా కనిపించే ప్రసక్తే లేదు. అరుదైన కొమ్మ దొరికిన చోటల్లా దాన్ని మొదట్లోనే నరికేయవచ్చు. దాని మీద మొలవబోయే లక్షల కొమ్మలను చూడనవసరం లేదు. 2000లో జియావే హాన్, జియాన్ పే, యివెన్ యిన్ రసీదులన్నింటినీ ఒక వృక్షంగా కుదించి, అభ్యర్థులైన కూటములను ముందుగా తయారుచేసే పని కూడా లేకుండా చేశారు. ఎఫ్‌పీ వృక్షం అని ప్రసిద్ధి పొందినది అదే.

అయితే వీటన్నింటిలో కొలమానం ఒక్కటే: ఎన్ని రసీదుల్లో కనిపించింది? ఆ పద్ధతిలో కిలో బియ్యమైనా బస్తా బియ్యమైనా ఒకటే. అగ్గిపెట్టె ఎంతో బంగారు గొలుసూ అంతే.

తూచడం

ఈ లోటు పరిశోధకుల దృష్టికి త్వరగానే వచ్చింది. ఒక సంస్థ తీసుకోబోయే నిర్ణయానికి పనికివచ్చినంత మేరకే దత్తాంశాల్లోని ఏ నమూనా అయినా ఆసక్తికరమని 1998లో జాన్ క్లైన్‌బర్గ్, క్రిస్టోస్ పపదిమిత్రియూ, ప్రభాకర్ రాఘవన్ వాదించారు. 1999లో బెల్జియంకు చెందిన టామ్ బ్రైస్ బృందం, ఏ సరుకులను అరల్లో ఉంచాలో తేల్చడానికి వాటి లాభాన్ని, అవి మరొక సరుకు అమ్మకానికి చేసే సాయాన్ని కలిపి లెక్కించే నమూనాను తయారుచేసింది. 2003లో రేమండ్ చాన్, చియాంగ్ యాంగ్, యీడాంగ్ షెన్ ‘అధిక ప్రయోజన కూటములు’ అనే మాటను వాడుకలోకి తెచ్చారు. మరుసటి ఏడాది కెనడాలోని రెజైనా విశ్వవిద్యాలయం నుంచి హాంగ్ యావ్, హోవర్డ్ హామిల్టన్, కోరీ బట్జ్ దానికి స్పష్టమైన గణిత నిర్వచనమిచ్చారు: రసీదులో రాసిన పరిమాణాన్ని, సరుకు పట్టికలో రాసిన లాభంతో గుణించాలి, కూటమిలోని సరుకులన్నింటికీ, అది కనిపించిన రసీదులన్నింటా కూడాలి.

నిర్వచనం తేలికే. దానితో వచ్చిపడిన ఇబ్బంది మాత్రం పెద్దది. ఊహించిన ఒక చిన్న కొట్టును తీసుకుందాం. లాభం బియ్యానికి కిలోకు 2 రూపాయలు, కందిపప్పుకు కిలోకు 5, నెయ్యికి సీసాకు 40, కుంకుమపువ్వుకు డబ్బాకు 90 అనుకుందాం. ఒక రోజు అయిదు రసీదులు తెగాయి:

మొదటిది: బియ్యం 10 కిలోలు, పప్పు 2 కిలోలు. లాభం 30.
రెండవది: బియ్యం 5, పప్పు 1. లాభం 15.
మూడవది: బియ్యం 10, పప్పు 2, నెయ్యి 1. లాభం 70.
నాల్గవది: నెయ్యి 1, కుంకుమపువ్వు 1. లాభం 130.
అయిదవది: బియ్యం 5. లాభం 10.

మొత్తం లాభం 255 రూపాయలు. ఇందులో కనీసం 40 శాతం, అంటే 102 రూపాయలు తెచ్చిన కూటమిని విలువైనదిగా పరిగణిద్దాం. బియ్యం, పప్పుల జంట మూడు రసీదుల్లో కనిపించింది; ఎప్రయోరి లెక్కలో రాజు అదే. కానీ అది తెచ్చినది 75 రూపాయలే. నెయ్యి, కుంకుమపువ్వుల జంట ఒకే ఒక్క రసీదులో ఉన్నా 130 తెచ్చింది. ఇప్పుడు ఆ జంటను విడదీసి చూడండి. నెయ్యి మొత్తం మీద 80 రూపాయలు తెచ్చింది, కుంకుమపువ్వు 90. రెండూ విడివిడిగా హద్దు దాటలేదు, కలిస్తే దాటాయి. ‘చిన్నది అనర్హమైతే దాన్ని కలుపుకున్న పెద్దదీ అనర్హమే’ అన్న ఎప్రయోరి సూత్రం ఇక్కడ చెల్లదు. ఆ సూత్రాన్ని నమ్మి నెయ్యిని మొదట్లోనే తీసేసిన గుమాస్తా, కొట్టులోని ఏకైక విలువైన జంటను పోగొట్టుకుంటాడు.

2005లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన యింగ్ లియూ, వైకెంగ్ లియావ్, ఆలోక్ చౌదరి దీనికి ఒక దారి చూపారు. కూటమి తెచ్చిన అసలు లాభానికి బదులు, అది కనిపించిన రసీదుల మొత్తం లాభాన్ని ముందుగా కూడాలి. ఇది అసలు లాభం కంటే ఎప్పుడూ తక్కువ కాదు. పైగా కూటమి పెరిగేకొద్దీ ఇది తగ్గుతుందే తప్ప పెరగదు. అంటే నరకడానికి పనికివచ్చే కొడవలి మళ్ళీ చేతికొచ్చినట్టే. మన ఉదాహరణలో బియ్యం, పప్పు, నెయ్యిల కూటమి ఒక్క మూడవ రసీదులోనే ఉంది కనుక దాని పై అంచనా 70. హద్దుకు తక్కువ కాబట్టి తీసేయవచ్చు. ఇలా వడపోస్తే ఆరు అభ్యర్థులు మిగులుతాయి: నాలుగు విడి సరుకులు, రెండు జంటలు. రెండవ దశలో చిట్టాను మళ్ళీ చదివి అసలు లాభం కడితే ఆరింటిలో ఒక్కటే నిలుస్తుంది.

ఆరుకు ఒకటి. నిజమైన దుకాణంలో ఈ నిష్పత్తి మరీ దారుణంగా ఉండవచ్చు. అందుకే తరువాతి ప్రయత్నమంతా పై అంచనాను అసలుకు దగ్గరగా దించడం మీదే సాగింది. 2010లో తైవాన్ నుంచి విన్సెంట్ సెంగ్ బృందం ‘యూపీ గ్రోత్’ పేరుతో వృక్షాన్నే వాడి అంచనాలను బిగించింది. 2012లో మెంగ్చి లియూ, జున్ఫెంగ్ చూ అభ్యర్థుల దశనే తొలగించారు. ప్రతి కూటమికీ ఒక జాబితా ఉంచి, ప్రతి రసీదు పక్కనా రెండు అంకెలు రాశారు: ఇంతవరకు వచ్చిన లాభం, ఇకపై చేర్చదగిన సరుకుల లాభం. మొదటిది అసలు జవాబు. రెండింటి మొత్తం, ఈ కొమ్మను ఇంకా పెంచాలో వద్దో చెప్పే అంచనా. చిట్టాను మళ్ళీ మళ్ళీ తిరగేసే అవసరం దానితో తీరింది.

మారే చిట్టా

ఇంతవరకు చెప్పినవన్నీ చిట్టా ఒకచోట ఆగిందనుకుని చేసిన లెక్కలు. నిజానికి ఆరవ రసీదు రాకమానదు. బియ్యం 10 కిలోలు, పప్పు 4, నెయ్యి 1 అనుకుందాం, లాభం 80. ఇప్పుడు మొత్తం 335, హద్దు 134. నిన్నటి విజేత అయిన నెయ్యి, కుంకుమపువ్వుల జంట 130 దగ్గరే ఉంది. దాని పద్దులో ఒక్క అంకె కూడా మారలేదు, అయినా హద్దు పెరిగినందువల్ల అది జాబితా నుంచి జారిపోయింది. నిన్న తీసేసిన బియ్యం, పప్పు, నెయ్యిల కూటమి 150తో ఈనాటి ఏకైక విజేత అయింది. దాని గురించి నిన్న మనం ఏమీ రాసిపెట్టుకోలేదు. కాబట్టి పాత చిట్టాను మళ్ళీ విప్పాల్సిందే.

పౌనఃపున్యాల విషయంలో ఈ సమస్యను మొదట గట్టిగా పట్టుకున్నది 1996లో డేవిడ్ చియంగ్, జియావే హాన్, విన్సెంట్ ఎంగ్, సి. వై. వాంగ్. వారి పద్ధతి ప్రకారం ప్రతి కూటమీ నాలుగు స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉంటుంది: పాత చిట్టాలోనూ కొత్త పద్దుల్లోనూ బలమైనది, రెంటిలోనూ బలహీనమైనది, పాతలో మాత్రమే బలమైనది, కొత్తలో మాత్రమే బలమైనది. మొదటి మూడింటి సంగతి చేతిలో ఉన్న లెక్కలతోనే తేల్చవచ్చు. నాల్గవదానికి మాత్రమే పాత చిట్టాను తెరవాలి. ఆ నాల్గవ గడిని వీలైనంత చిన్నది చేయడమే తరువాతివారి పని. 2001లో తైవాన్‌కు చెందిన జుంగ్‌పే హాంగ్ బృందం, హద్దుకు కొంచెం కింద మరొక హద్దు గీసి, రేపో మాపో పైకి రాగల కూటములను కూడా గుర్తుంచుకునే ఉపాయం చెప్పింది.

విలువకూ మార్పుకూ ఒకేచోట జవాబు చెప్పిన పత్రాల్లో ముఖ్యమైనది 2009 చివర వచ్చింది. దక్షిణ కొరియాలోని క్యుంగ్‌హీ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న చౌధురీ ఫర్హాన్ అహ్మద్, సయ్యద్ ఖైరుజ్జమాన్ తన్‌బీర్, బ్యోంగ్‌సూ జియోంగ్, యంగ్‌కూ లీ దాని రచయితలు. ‘ఒకసారి కట్టు, ఎన్నిసార్లయినా తవ్వు’ అన్నది వారి సూత్రం. ఏ కూటమినీ ముందుగా కొట్టిపారేయకుండా చిట్టా సారమంతా ఒక వృక్షంలో నిలుపుతారు. కొత్త రసీదు వస్తే ఒక దారి చేరుతుంది. రద్దయితే ఆ దారిలోని అంకెలు తగ్గుతాయి. హద్దు ఎంత ఉండాలన్నది తవ్వేటప్పుడు నిర్ణయించుకోవచ్చు. వృక్షంలో సరుకులను ఏ వరుసలో ఉంచాలన్నదానికి వారు మూడు పద్ధతులు చూపారు. అక్షరక్రమంలో ఉంచితే కొత్త రసీదులు ఎన్ని వచ్చినా వృక్షాన్ని తిరగ్గట్టనవసరం లేదు. అమ్మకాల తరచుదనాన్ని బట్టి ఉంచితే వృక్షం చిన్నదవుతుంది. పై అంచనాను బట్టి ఉంచితే తవ్వకం వేగవంతమవుతుంది. ఈ రెండింటిలోనూ అప్పుడప్పుడు వరుస సర్దుకోవాలి. మన గుమాస్తా ఆవర్జాను ఏ క్రమంలో కట్టాలా అని తలపట్టుకోవడం వంటిదే ఇది. కట్టడంలో మిగిల్చుకున్న శ్రమ వెతకడంలో ఎదురవుతుంది.

అరుదైనదైనా విలువైన దాన్ని ఎలా పట్టుకోవాలన్న ప్రశ్నను హైదరాబాదు మరొక వైపు నుంచి ఎత్తుకుంది. ఒకే హద్దును అన్ని సరుకులకూ వర్తింపజేస్తే అరుదైనవి మాయమవుతాయని, హద్దు దించితే పనికిరాని కూటములు వెల్లువెత్తుతాయని గమనించి, ట్రిపుల్ ఐటీకి చెందిన పి. కృష్ణారెడ్డి, ఆర్. ఉదయ్ కిరణ్ 2009 నుంచి సరుకుకొక హద్దు ఉండే పద్ధతులను మెరుగుపరిచారు. డేటా మైనింగ్‌కు సంబంధించిన ఆసియా పసిఫిక్ సదస్సు 2010లో హైదరాబాదులోనే జరిగింది. ఉదయ్ కిరణ్ తరువాత జపాన్‌లోని ఐజు విశ్వవిద్యాలయం నుంచి ఈ పరిశోధన కొనసాగించారు.

ఎవరి ప్రయోజనం?

ఈ రంగంలో ‘యుటిలిటీ’ అని వాడే మాటకు తెలుగు అర్థశాస్త్ర పుస్తకాలు ‘ప్రయోజనం’ అని రాస్తాయి. క్షీణోపాంత ప్రయోజన సూత్రం చదువుకున్నవారికి గుర్తుండే ఉంటుంది: అక్కడ ప్రయోజనం వస్తువును వాడుకునేవాడు పొందేది. మొదటి గ్లాసు నీళ్ళకున్న విలువ అయిదవ గ్లాసుకుండదు. డేటా మైనింగ్‌లోకి వచ్చేసరికి ఆ మాట కౌంటరుకు ఇవతలి నుంచి అవతలికి మారింది. ఇక్కడ ప్రయోజనం అమ్మేవాడి లాభం. పదవ కిలో బియ్యానికీ మొదటి కిలోకు ఉన్న విలువే ఉంటుంది. నిర్వచనంలో ఇటువంటి సౌలభ్యం తీసుకోవడం తప్పు కాదు. తీసుకున్నామని మరచిపోవడమే తప్పు.

మరచిపోయారనడానికి ఒక ఆధారం పరీక్షలకు వాడిన దత్తాంశాల్లోనే ఉంది. ఏ దుకాణమూ తన సరుకు మీది లాభాన్ని బయటపెట్టదు. బెల్జియం దుకాణం నుంచి వచ్చిన 88,162 రసీదుల ప్రసిద్ధ దత్తాంశంలో ఏయే సరుకులు కలిసి ఉన్నాయో తెలుస్తుంది, లాభాలు తెలియవు. అందువల్ల పరిశోధకులు పరిమాణాలను యాదృచ్ఛికంగా, లాభాలను లాగ్‌నార్మల్ పంపిణీ ప్రకారం తామే కల్పించుకునేవారు. నిజమైన లాభాలతో దొరికినవి బహుకొద్ది. అమెరికాలోని ఒక కిరాణా దుకాణాల గొలుసు నుంచి వచ్చిన 11 లక్షలకు పైగా రసీదులు, 46,086 సరుకుల దత్తాంశం వాటిలో ఒకటి. వేగాన్ని పోల్చడానికి కల్పిత లాభాలు సరిపోతాయి. కానీ విలువను వెతకడానికి పుట్టిన శాస్త్రం ఎక్కువ భాగం విలువలను పాచికలేసి రాసుకుని పెరిగిందన్నది కూడా అంతే నిజం.

మరొకటి. చిట్టా మారుతుందని ఇంత శ్రద్ధగా ఆలోచించిన అల్గారిదమ్‌లు చాలాకాలం సరుకు పట్టిక మారదని భావించాయి. నెయ్యి మీది లాభం పండగకు ముందొకలా, తరువాతొకలా ఉంటుందని ఏ కొట్టువాడినడిగినా చెబుతాడు. కిందటి వారపు రసీదును ఈ వారపు లాభంతో గుణించడం ఏ గుమాస్తా చెయ్యడు. లాభాలే మారే దత్తాంశాలను నేరుగా ఎదుర్కొన్న పత్రం లోన్ గుయెన్, బే వో, ఇతరుల నుంచి 2019లో వచ్చింది. నష్టానికి అమ్మే సరుకుల విషయమూ ఇటువంటిదే. జనాన్ని రప్పించడానికి చవకగా ఇచ్చే సరుకుకు లాభం రుణసంఖ్య అవుతుంది. అప్పుడు 2005 నాటి పై అంచనా ‘ఎప్పుడూ తక్కువ కాదు’ అన్న హామీని కోల్పోతుంది. 2009లో చూ, సెంగ్, లియాంగ్ దాన్ని విడిగా పరిష్కరించవలసి వచ్చింది.

ఈ వ్యాసం చదువుతున్నవారిలో కొందరు పగలంతా ఇటువంటి వ్యవస్థల మధ్యనే పనిచేస్తూ ఉంటారు. రసీదుల స్థానంలో వెబ్ పేజీల మీది నొక్కులో, ఆసుపత్రి బిల్లులో, బీమా క్లెయిములో ఉండవచ్చు. యంత్రం ఇచ్చిన విలువైన కూటముల జాబితా ఎంత వేగంగా సవరించుకున్నా, అది ఒక పట్టికలోని అంకెలకు గుణకారం మాత్రమే. మందుల కొట్టులో లాభం అంకె స్థానంలో రోగికి తప్పిన ప్రమాదాన్ని రాస్తే, అదే వృక్షం, అదే కొడవలి, పూర్తిగా వేరే జాబితానిస్తాయి. అల్గారిదమ్‌లో ఒక్క వాక్యం కూడా మార్చనక్కర్లేదు.

మన చిన్న కొట్టుకు తిరిగి వెళితే, బియ్యం పక్కన 2 అని, కుంకుమపువ్వు పక్కన 90 అని రాసుకున్నాం. ఆ తరువాత చేసిన లెక్కంతా ఆ నాలుగు అంకెల మీదే నిలబడింది. వాటిని ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, ఎవరి తరఫున రాశారో చిట్టాలో ఉండదు, ఆవర్జాలోనూ ఉండదు. అది గుమాస్తాను పిలిచి అడగవలసిందే.